నా పేరుకు వచ్చిన జవాబు

మా డైవింగ్ బృందం ఈ ఏడాది మాల్దీవుల్లో దక్షిణపు దీవులకు వెళ్తోంది. ఆ చోటును ఎంపిక చేసింది నేను. నీళ్లు వెచ్చగా ఉంటాయని, దూరం వరకు స్పష్టంగా కనిపిస్తుందని, అనుభవం ఉన్నవాళ్లకు తగిన ప్రవాహాలు ఉంటాయని అందరికీ చెప్పాను. అవన్నీ నిజమే. కానీ నేను ఆ చోటును ఎంచుకున్నది వాటి కోసం కాదు. అసలు కారణం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

దెయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. మాది కళింగపట్నం వైపు సముద్రం మీద బతికే కుటుంబం. నాన్న వేటకు వెళ్తాడు. అమ్మ నరసన్నపేట బజారులో చేపలు అమ్ముతుంది. ఇంట్లో గంగమ్మకు దండం పెట్టనిదే కొత్త వల విప్పరు. నేను మాత్రం భయపెట్టిన ప్రతిదానికీ మర్నాడు పగటి వెలుగులో కారణం వెతుక్కుని, దాన్ని డైరీలో రాసుకుని పెరిగినదాన్ని. గాలి, పిల్లి, జ్వరం, ఎవరో వేళాకోళం. ఏదో ఒక కారణం దొరికేది. దొరకనిది ఇదొక్కటే.

జరిగింది చెప్పేముందు నా గురించి ఒక మాట చెప్పాలి. నేను ఎక్కువ మాట్లాడను. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే దూరం నుంచి పలకడం నాకు చేతకాదు. లేచి వెళ్లి వాళ్ల ఎదురుగా నిలబడతాను. బడిలో హాజరు పిలిచేటప్పుడు కూడా ఊరికే లేచి నిలబడేదాన్ని. టీచరు తలెత్తి చూసి గీత పెట్టుకునేవారు. ఇప్పుడు శ్రీకాకుళంలో ఒక బీమా ఆఫీసులో పని చేస్తున్నాను. అరసవల్లి రోడ్డులో మేడమీద గది. ఆఫీసులోనూ అంతే. మేనేజరు పిలిస్తే ఆయన బల్ల ముందు ప్రత్యక్షమవుతాను. ఆయన ఒకటి రెండుసార్లు ఉలిక్కిపడ్డారు కూడా.

డైవింగ్ నేర్పింది రమణ బావ, మా అప్ప భర్త. మా వైపు అక్కను అప్ప అంటాం. విశాఖపట్నంలో ఓడల అడుగున పేరుకున్న నాచూ గుల్లలూ గీకే డైవర్‌గా పనిచేసి, తర్వాత నేర్పడం మొదలుపెట్టాడు. వీపుకు గాలి సిలిండరు, నోట్లో రబ్బరు గొట్టం. సరదాకి ఒకసారి దిగాను. నీళ్ల కింద ఎవరూ మాట్లాడరు, మాట్లాడమని అడగరు. అన్నీ చేతి సైగలే. అందరూ నాలాగే ఉండే చోటు ఒకటుందని అప్పుడే తెలిసింది.

అమ్మ మాత్రం ఇప్పటికీ, "మేం వలేసి సేపల్ని పైకి లాగతాం. ఇది డబ్బులెట్టి మరీ వాటి ఇంటికి సుట్టం సూపుకి ఎల్తాది" అంటుంది.

మా బృందంలో ఆరుగురం. బావ, నేను, శ్రీకాకుళంలో పళ్ల డాక్టరు గారు, విజయనగరంలో కాలేజీలో పాఠాలు చెప్పే భార్గవి, కొత్తగా చేరిన ఇద్దరు శృంగవరపుకోట అన్నదమ్ములు. ఎవరూ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు కాదు. నీటిలో ఇద్దరిద్దరు జంటగా ఉండాలన్నది నియమం. నా జంట భార్గవి.

ఏడాదికొకసారి అందరం కలిసి ఎక్కడికైనా వెళ్తాం. ఇలాంటి చోట్ల గురించి నేను ఎక్కువ చదువుతాను కాబట్టి చోటు వెతికే పని నాకు అప్పగించారు. కొత్తవాళ్లకైతే అలల్లేని లోతు తక్కువ చోటు చాలు. మావాళ్లకు అలాంటి చోట ఆవలింతలు వస్తాయి. గోడలా నిట్టనిలువుగా దిగే పగడపు దిబ్బలు కావాలి, పెద్ద చేపలు తిరిగే ప్రవాహాలు కావాలి. అయితే నీళ్లు మాత్రం వెచ్చగానే ఉండాలి. దాని మీద ఎవరికీ రెండో మాట లేదు. "సన్నీల్లలో దిగి వొణకడానికి మనకేటి కర్మ" అన్నాడు బావ.

డాక్టరు గారికి ఇండోనేసియా వైపు, ప్రవాహం బలంగా ఉండే కొమొడో దీవులు కావాలి. భార్గవికి మాల్దీవులు. బావకు అండమాన్. కారణం అడిగితే, "అక్కడ సగంమంది మన సికాకోలోల్లే. బోటోడితో తెలుగులోనే తగూ పడొచ్చు" అన్నాడు.

నేనూ మొదట కొమొడో వైపే మొగ్గాను. ప్రవాహం ఉన్న చోట చూసుకోవలసింది చేపల కన్నా ముందు బోటును. కిందికి దిగినవాళ్లందరూ పైకి వచ్చారో లేదో చూడకుండా బోటు వెళ్లిపోయిన సంగతులు చదివి ఉన్నాను. అందుకని ఒక నియమం సూచించాను. ప్రతి డైవ్ తర్వాత ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవాలి, ఎవరికి వాళ్లే సొంత నోటితో పలకాలి, అప్పుడే బోటు కదలాలి. అలా చేసే బోటునే ఎంచుకుందాం అన్నాను. డాక్టరు గారికి బాగా నచ్చింది. వెళ్లేముందు మన తీరంలోనే ఒకసారి అలవాటు చేసుకుందాం అన్నారు.

మార్చి నెలలో వెళ్లాం. పూసపాటిరేగ తీరానికి ఎదురుగా సముద్రంలో ఒక పాత ఓడ మునిగి ఉంది. చేపలు చేరతాయి కాబట్టి వేటగాళ్లందరికీ ఆ చోటు తెలుసు. బోటు అప్పన్న చిన్నాన్నది. ఆయన రమణ బావకు మేనమామ, నాకు చిన్నాన్న వరస. వెనకాల మోటారు బిగించిన పెద్ద ఫైబర్ బోటు. మధ్యలో కర్రలు నాటి నీలం టార్పాలిన్ కట్టారు. బట్టలు మార్చుకోవడానికి భార్గవికీ నాకూ అది తెర. మగవాళ్లు ఆ వైపు చూడరు. అప్పన్న చిన్నాన్న అయితే ఆ తెర కట్టాక మోటారు వైపు తిప్పిన తల ఇటు తిప్పేవాడు కాదు.

దిగేముందు డాక్టరు గారు పేర్లు పిలిచే పద్ధతి అందరికీ వివరించారు. అప్పన్న చిన్నాన్న ఒప్పుకోలేదు.

"నీల్ల మీద పేరెట్టి పిలవం డాట్రుగోరూ. తలకాయలు లెక్కెట్టుకుంటాం."

"పిలిస్తే ఏమవుతుందయ్యా?"

"పిలిస్తే పలుకుతారు గదా బాబూ. అందుకు."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. నాన్న వాళ్లు కూడా బోటు మీద ఒకరినొకరు బావా, మావా, ఒరే అనుకుంటారు తప్ప పేరు పలకరన్నది నాకు తెలుసు. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

ఆ రోజు నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. ఓడ అంచు వెంబడి భార్గవీ నేనూ పక్కపక్కనే వెళ్తున్నాం. ఎవరి కాలికి తొడిగిన రబ్బరు రెక్క తగిలిందో ఒండ్రు లేచింది. చూస్తుండగానే టీ రంగు కమ్ముకుని, నా చెయ్యి నాకే కనిపించలేదు. అలాంటప్పుడు కొద్దిసేపు వెతికి, జంట దొరకకపోతే పైకి రావాలి. అలాగే చేశాను. ఉపరితలానికి కొద్ది కిందనే కాసేపు ఆగాలి, ఒంట్లో చేరిన వాయువు మెల్లగా పోవడానికి. అక్కడా ఆగాను. ఆగిన ఆ కొద్దిసేపూ ప్రవాహం నన్ను ఈశాన్యం వైపు మోసుకుపోతూనే ఉందని పైకి తేలాక తెలిసింది.

బోటు అనుకున్నదానికన్నా చాలా దూరంగా ఉంది. నీలం తెర కనిపిస్తోంది. మనుషులు కనిపిస్తున్నారు కానీ ఎవరు ఎవరో తెలియడం లేదు. గాలి బోటు వైపు నుంచి నా వైపు వీస్తోంది. అలలు మొహాన కొడుతున్నాయని గాలి గొట్టం నోట్లోంచి తీయలేదు. ఇది ముఖ్యం, మళ్లీ చెప్తాను. గొట్టం నా నోట్లోనే ఉంది. ఇలాంటి అవసరానికే ఉంచుకునే నారింజరంగు గాలిబుడ్డిని ఊది నిలబెట్టాను. అది మనిషంత పొడవు లేస్తుంది.

నాకు భయం వెయ్యలేదు. బోటు లెక్క చూసుకుంటుంది. నేను లేనని తెలుస్తుంది. వస్తుంది. ఆ నియమం పెట్టించింది నేనే కదా.

గాలిలో డాక్టరు గారి గొంతు వచ్చింది. అన్నదమ్ములిద్దరి పేర్లు పిలిచారు. వాళ్లు పలకడం సన్నగా వినిపించింది. తర్వాత "పావనీ" అని పిలిచారు. అది నా పేరు. బుడ్డిని ఇంకా ఎత్తి పట్టుకుని చెయ్యి ఊపాను.

తర్వాత "భార్గవీ" అన్నారు. ఆమె పలికింది.

నా పేరుకూ భార్గవి పేరుకూ మధ్య నాకు ఏమీ వినిపించలేదు. నన్ను పిలిచారు, నేను పలకలేదు, అయినా ఇంకో పేరుకు వెళ్లిపోయారు. ఎందుకు వెళ్లారో నాకు అర్థం కాలేదు. మోటారు మొదలైన చప్పుడు వచ్చింది. లంగరు పైకి లాగుతున్నట్టు కనిపించింది. బోటు ముక్కు ఉన్నచోటనే ఒడ్డు వైపు తిరిగింది.

గొట్టం తీసి ఈల ఊదాను. ఎదురుగాలి. అరవాలని తెలుసు. నోరు తెరిచాను. ఏమని అరవాలో తోచలేదు. "నేనిక్కడ" అనాలా, "ఆగండి" అనాలా, లేక డాక్టరు గారిని పేరు పెట్టి పిలవాలా అని ఆలోచిస్తూ ఉండిపోయాను. చదివేవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. నాకు అప్పుడది మామూలుగానే ఉంది. చివరికి అరవకుండా బోటు వైపు ఈదడం మొదలుపెట్టాను. పిలిచారు కదా, వెళ్లి ఎదురుగా నిలబడాలి.

ప్రవాహానికి ఎదురీదడం అంటే ఉన్నచోటనే ఉండడం. కొంతసేపటికి తలెత్తి చూస్తే బోటు ముక్కు నా వైపు ఉంది.

పైకి లాగాక ముందు మాట్లాడింది డాక్టరు గారు. ఆయన మొహం పాలిపోయి ఉంది. గొంతులో మాత్రం కోపం.

"పలికావు కదమ్మా! తెర వెనక నుంచి పలికావు కదా! మళ్లీ నీళ్లలోకి ఎప్పుడు దిగావు?"

నేను తల అడ్డంగా ఊపాను. భార్గవి నా భుజం పట్టుకుని ఏడుస్తోంది. అన్నదమ్ములిద్దరూ తెర వైపు చూస్తున్నారు.

ఇక్కడి నుంచి చెప్పేది వాళ్లు చెప్పగా విన్నది. ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగాను. నాకు అలా అడగడం ఎంత కష్టమో మావాళ్లకు తెలుసు కాబట్టి, అందరూ ఓపికగానే చెప్పారు.

భార్గవి పైకి వచ్చేసరికి తెర దించి ఉంది. నేను ముందే ఎక్కి బట్టలు మార్చుకుంటున్నాననుకుంది. డాక్టరు గారూ అదే అనుకున్నారు. మగవాళ్లెవరూ తెర తీసి చూడరు. ఆయన నా పేరు పిలవగానే తెర వెనక నుంచి ఆడగొంతు, "ఉన్నాను, ఇక్కడే ఉన్నాను" అంది. గట్టిగా, స్పష్టంగా. అన్నదమ్ముల్లో పెద్దాయనకు నాతో అంతకుముందు మాటల పరిచయం లేదు, నా గొంతు ఎలా ఉంటుందో తెలియదు. ఆయన కూడా విన్నారు. "కొంచెం విసుగ్గా అన్నట్టనిపించిందండి, పనిలో ఉంటే కదిలించినట్టు" అన్నారు. ఆయన తమ్ముడూ అదే మాట అన్నాడు. భార్గవి అది నా గొంతేనని ఇప్పటికీ అంటుంది.

బావ బోటు ముందు భాగంలో లంగరు లాగుతున్నాడు. ఆయనా విన్నాడు. విని లంగరు తాడు చేతిలో పట్టుకుని ఆగిపోయాడట. పెళ్లయి ఇన్నేళ్లలో మరదలు పిలిస్తే పలకడం ఎప్పుడూ వినలేదు. రావాలి కదా, వచ్చి నిలబడాలి కదా అని చూశాడు. నేను రాలేదు. తెర తీయడానికి చెయ్యి రాలేదు. "భార్గవీ, ఓపాలి లోపల సూడు" అన్నాడు. ఆమె తెర ఎత్తింది. నా సంచి, నా చెప్పులు, పొడి తువ్వాలు. అంతే. అప్పుడు అందరూ సముద్రం వైపు తిరిగారు. బావకు నారింజరంగు కనిపించింది.

కారణాలు వెతికాను. ఎవరైనా వేళాకోళానికి నా బదులు పలికారా? బోటు మీద ఆ సమయానికి ఉన్న ఆడమనిషి భార్గవి ఒక్కతే. ఆమె తెరకు ఇవతల, అందరి కళ్లముందు సిలిండరు విప్పుకుంటోంది. నేనే పలికి మర్చిపోయానా? నోట్లో గొట్టం ఉంది. గాలి నా వైపు వీస్తోంది. ఈల చేరని చోటికి మాట ఎలా చేరుతుంది? అన్నదమ్ముల్లో చిన్నవాడి దగ్గర కెమెరా ఉంది. కానీ దాని బ్యాటరీ నీళ్ల కిందే అయిపోయింది.

డాక్టరు గారు కొన్నాళ్లకు ఒక వివరణ ఇచ్చారు. జవాబు వస్తుందని ఎదురుచూసే మనసు, రాని జవాబును తనే వినిపించుకుంటుందన్నారు. నేను దాన్ని డైరీలో రాసుకున్నాను. తర్వాత కింద ఇంకో వాక్యం రాశాను. అంతమందికీ అవే మాటలు ఎలా వినిపించాయి? నేను ఎప్పుడూ అనని మాటలు? ఈ ప్రశ్న ఆయన్ని అడగలేదు. ఆయన ఆ వివరణతో కాస్త స్థిమితపడ్డట్టు కనిపించారు.

అప్పకు బావ చెప్పేశాడు. ఆమె మొదట నన్ను పట్టుకుని ఏడ్చింది. మర్నాటికి తేరుకుని, "ఎవులో గానీ నీ కన్నా నోరున్న మనిషే. ఆవిణ్ణే ఇంట్లో ఉంచుకుని నిన్ను సముద్రంలో ఒగ్గేసినా సరిపోను" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తర్వాత వంటింట్లో ఆమె నన్ను చాలాసేపు పేరు పెట్టి పిలవలేదని గమనించాను.

ప్రయాణం మానుకుందామని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. నీళ్ల కింద నాకున్న చోటును వదులుకోవడం ఇష్టం లేదు. కానీ మళ్లీ దిగితే పైకి వచ్చేసరికి నా బదులు ఎవరో పలికి, బోటు వెళ్లిపోయి ఉండకూడదు. చోటు ఎంపిక ఇంకా నా చేతిలోనే ఉంది.

మూడు చోట్లా డైవింగ్ బోట్లు నడిపేవాళ్లకు మెయిల్స్ రాశాను. నీటి వేడి, లోతు, ప్రమాదం జరిగితే చికిత్స ఎంత దూరం, అన్నీ అడిగాను. మధ్యలో మామూలు ప్రశ్నలా ఒకటి కలిపాను. అందరూ తిరిగి బోటెక్కారని మీకు ఎలా తెలుస్తుంది?

పేర్లు పిలుస్తాం అన్నవాళ్లను పక్కన పెట్టాను. వాళ్లలో మంచి పేరున్నవాళ్లు ఉన్నారు. చేపలూ దిబ్బలూ వాళ్ల దగ్గరే ఎక్కువేమో. మాల్దీవుల నుంచి ఒక బోటువాళ్లు వేరేగా రాశారు. ప్రతివారికీ ఒక బిళ్ల ఇస్తారు. దిగేముందు కొక్కెం నుంచి తీసి నడుముకు తగిలించుకోవాలి. పైకి వచ్చాక ఎవరి చేత్తో వాళ్లే మళ్లీ కొక్కానికి వెయ్యాలి. ఇంకొకరి బిళ్ల ముట్టుకోనివ్వరు. ఒక్క కొక్కెం ఖాళీగా ఉన్నా బోటు కదలదు. నోటితో పని లేదు.

వాళ్లనే ఎంపిక చేశాను. డాక్టరు గారు కొమొడో పోయిందని కాసేపు గునిశారు. నీటి వేడి, ప్రవాహాలు, పెద్ద రెక్కల మాంటా చేపల గురించి చెప్పాను. ఒప్పుకున్నారు. బావ మాత్రం, "నువ్వే సూసినావు గదా, ఇంకేటి" అన్నాడు.

నాకు దెయ్యాల మీద ఇప్పటికీ నమ్మకం లేదు. నమ్మకం లేకుండానే ఆ ఎంపిక చేశాను. ఆ తెర వెనక ఎవరున్నారో నాకు తెలియదు. ఆ గొంతు నన్ను సముద్రంలో వదిలేయించాలని పలికిందో, బావకు అనుమానం రావాలని పలికిందో, నాతో ఏ సంబంధమూ లేకుండా ఊరికే పలికిందో కూడా తెలియదు. కారణం కోసం డైరీలో వదిలిన జాగా అలాగే ఉంది.

ఒక్క మనిషిని అడగడం మిగిలిపోయింది. కిందటి వారం బావతో కలిసి ఆ రేవుకు వెళ్లాను. అప్పన్న చిన్నాన్న ఇసకలో కూచుని వల బాగుచేసుకుంటున్నాడు. ఎన్నో ఏళ్ల మోటారు చప్పుడుకు ఆయన చెవులు సగం పోయాయి. ఏదైనా గట్టిగా చెప్పాలి. అందుకే ఆయన విన్నదాన్ని సాక్ష్యంగా లెక్కపెట్టకూడదని నాకు తెలుసు. బావ అటు వెళ్లాక దగ్గరగా కూచుని, నా జీవితంలో ఎప్పుడూ మాట్లాడనంత గట్టిగా అడిగాను. ఆ రోజు డాక్టరు గారు నన్ను పిలిచినప్పుడు నీకేం వినబడింది చిన్నాన్నా అని.

ఆయన వల మీంచి చెయ్యి తీయలేదు.

"పిలుపు ఇనబడినాదమ్మా. పలుకు ఇనబడనేదు. అందుకే ఇంజనైతే స్టార్టు సేసినాను గానీ, గేరెయ్యనేదు."